కోరస్ గుమ్మం దగ్గర టోపీలు

డిసెంబరు ఇరవై ఎనిమిది పొద్దున ఆ పేపరు మా మరిది ఎర్మెస్ మంగలిషాపులో చదివాను. మూడో పేజీలో ఆల్బెరీగీ సమీక్ష. ఆయన నగరం నుంచి ఏడాదికోసారి మా ఊరి థియేటర్‌కి వచ్చి కూచునే పెద్దమనిషి. ఆయన మెచ్చుకుంటే మిలాన్ పెద్ద థియేటర్ దాకా వినపడుతుంది. ముఖం చిట్లిస్తే ఆ పాడినవాళ్ళు ఇక పెళ్ళిళ్ళలో పాడుకోవలసిందే. మొదటి రెండంకాల గురించి ఏదో మర్యాదకి రాశాడు. మూడో అంకం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగలేదు. గోడ వెనక నుంచి వచ్చిన ఆ పాట విన్నాక నీవెస్ కాంతరెల్లిని ఇంకా వర్ధమాన గాయని అనడం తప్పని, ఆమె ఇప్పటికే పెద్ద గాయని అయిపోయిందని, ఇరవై ఆరేళ్ళ గొంతులో అంత బతుకు ఎక్కడి నుంచి వచ్చిందో తనకి అంతుపట్టలేదని రాశాడు.

ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పగలను. అది ఇరవై ఆరేళ్ళ గొంతు కాదు. యాభై రెండేళ్ళ గొంతు. నాది.

పేపరు మడిచి కుర్చీ మీద పడేశాను. ఎర్మెస్ ఎవరికో గడ్డం గీస్తూ అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఆయన కింద కూచుని విన్నాడు వదినా" అన్నాడు. అంతే, మళ్ళీ కత్తి పనిలో పడ్డాడు. ఆ మాటకి అర్థమేమిటో అప్పుడు నేను పట్టించుకోలేదు. సొంత మరిది, నా గొంతు ముప్ఫై ఏళ్ళుగా విన్నవాడు, వాడికి కూడా తెలియలేదే అని లోపల కుతకుతా ఉడికిపోతున్నాను.

జరిగింది చెబుతాను. మా ఊరు బోర్గోవాల్లేలో ఒపెరా కాలం క్రిస్మస్ మర్నాడు మొదలవుతుంది. ఆ ఏడు పెట్టినది మా ఊళ్ళో కుక్కలకి కూడా వచ్చిన పాత ఒపెరా. ఇంట్లోవాళ్ళు బలవంతంగా మఠంలో పెట్టిన పిల్ల కథ. మూడో అంకంలో ప్రియుడు మఠం గోడ బయట నిలబడి ఉంటాడు. పిల్ల కనపడదు. గోడ వెనక నుంచి పాట మాత్రం వస్తుంది. అది వింటూ అతను చచ్చిపోతాడు. ఆ పాట అట్టగోడ వెనక చీకట్లో నిలబడి పాడాలి. అక్కడ నుంచి ఆర్కెస్ట్రా నడిపే మాస్ట్రో కనపడడు కాబట్టి, అమోస్ అనే కుర్రమాస్ట్రో గోడకున్న చిల్లులోంచి ఆయన చెయ్యి చూస్తూ, చిన్న టార్చిలైటు ఊపి మాకు తాళం చూపిస్తాడు. పాట చివర ముసలి సిస్టరు ఒకత్తె రెండు వరుసలు బదులు పాడుతుంది. నేను కోరస్‌లో, అంటే వెనక గుంపుగా పాడేవాళ్ళలో, ఒకదాన్ని; ఆ రెండు వరుసలూ ఇరవై ఏడేళ్ళుగా నావి. ఈ మధ్యలో నాయిక పాటలు పాడే ఏడుగురు సోప్రానోల పక్కన ఆ చీకట్లో నిలబడ్డాను. ఆ పాటలో ఎవరు ఎక్కడ ఊపిరి దొంగిలించారో, ఎవరు పై స్వరానికి కాళ్ళు వణికించుకున్నారో నాకు తెలుసు.

ఎనిమిదో అమ్మాయి నీవెస్. మంచి పిల్లే, మంచి గొంతే. వేసవి నుంచి పేపర్లవాళ్ళు వెంటపడుతున్నారు. అక్కడ మెరిసింది, ఇక్కడ మురిపించింది అని ప్రతి వారం ఏదో ఒకటి. అంత పొగడ్త మీద పడితే ఎవరికైనా ఊపిరాడదు. మొదటి రోజు రెండో అంకం అయ్యేసరికి ఆ పిల్ల గొంతు పట్టేసింది. మూడో అంకంలో నా పక్కకొచ్చి నిలబడి నోరు తెరిచింది. గాలి వచ్చింది గాని స్వరం రాలేదు. టార్చిలైటు పైకి లేచింది. బయట ఏడొందల మంది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కళ్ళతోనే దండం పెట్టింది.

పాడాను. ఆలోచించలేదు. ఇరవై ఏడేళ్ళు లోపల లోపలే పాడుకున్న పాట, తలుపు తియ్యగానే గొడ్లపాకలోంచి దూడ దూకినట్టు బయటికి దూకింది. ముగిశాక పై అటక గర్జించింది.

అటక అంటే మా థియేటర్లో కప్పు కింద, బల్లల మీద కూచునే జనం. మంగలి, కసాయి, వడ్రంగి, రైల్వేవాళ్ళు. మాకు అసలు పరీక్ష వాళ్ళే. వాళ్ళు ఈల వేసి పంపేసిన టెనర్లు, నాయకుడి పాటలు పాడేవాళ్ళు, ఎందరో. చప్పట్లు కొడతారు, బూతులూ తిడతారు, కానీ టోపీ మాత్రం తియ్యరు. బిషప్పు ఎదురొచ్చినా తియ్యరు. నిజంగా గొంతు విన్నామనుకున్న రోజు మాత్రం ఆట అయ్యాక వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి, ఆ మనిషి బయటికి వస్తుంటే టోపీలు తీస్తారు. ఒక్క మాట అనరు. ఆ తర్వాత కూడా దాని గురించి ఎక్కడా ఎత్తరు. నా మొగుడు గుయెర్రీనో అటక మీదే పెరిగాడు. యుద్ధానికి ముందు ఒకే ఒక్కసారి తీశాడట.

ఆ రోజు ఆట అయ్యాక నేను ఎవరితోనూ మాట్లాడదలచుకోలేదు. నీవెస్ నన్ను కావిలించుకుని ఏడ్చింది. అమోస్ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. మిగతా కోరస్ ఆడవాళ్ళు వేదిక మీద మోకాళ్ళ మీద ఉండగా జరిగింది కాబట్టి వాళ్ళకి తెలీదు. శాలువా తల మీంచి కప్పుకుని, బొగ్గుల కొట్టు పక్కనున్న కోరస్ గుమ్మంలోంచి బయట పడ్డాను. పొగమంచులో అటక జనం ముప్ఫై మంది దాకా నిలబడి ఉన్నారు. నేను రాగానే టోపీలు తీశారు. ముందు గుమ్మం దగ్గర రద్దీ తప్పించుకోవడానికి నీవెస్ ఇటు వస్తోంది కాబోలు, నా వెనకే ఉంది కాబోలు అనుకున్నాను. దారికడ్డమున్నానని తల దించుకుని, చలిని తిట్టుకుంటూ, వాళ్ళ మధ్యలోంచి గబగబా నడిచి ఇంటికి పోయాను.

మర్నాడు పేపరు లేదు. ఆ పై రోజు ఆల్బెరీగీ సమీక్ష వచ్చింది. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ రాశారు. వారం తిరక్కుండా నీవెస్ బొమ్మ నాలుగు పేపర్లలో పడింది. అన్నింట్లోనూ ఆ గోడ వెనక పాటే. ఒకడు దాన్ని తేనె అన్నాడు, ఇంకొకడు కన్నీరు అన్నాడు, ఇంకో మహానుభావుడు 'కన్యాత్వపు కాంతి' అన్నాడు. ఇద్దరు పిల్లల్ని కని, మొగుణ్ణి మట్టిలో పెట్టిన దాన్ని, ఆ ముక్క చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను. నవ్వి, వెంటనే ఏడ్చాను. 

ఆ రోజుల్లో ఒక్క చోట కూచోలేకపోయాను. అనొలీని అనే పండుగ వంట కోసం మరగబెట్టిన మాంసం పులుసు రెండుసార్లు మాడ్చాను. బజారుకని బయల్దేరి నది కట్ట దాకా పోయి, ఎందుకొచ్చానో తెలియక వెనక్కి తిరిగాను. దుప్పటి కప్పుకుంటే ఉక్క, తీస్తే చలి. కత్తిరించిన ఆల్బెరీగీ ముక్క జేబులో పెట్టుకుని రోజుకి పదిసార్లు తీసి చూసేదాన్ని. మొత్తం కాదు, ఆ ఒక్క పేరే. నీవెస్ కాంతరెల్లి అన్న చోట నా పేరు, డిర్చే మొంటాలి అని పెట్టి చదువుకునేదాన్ని. అది నాకు కావాలి. బంగారం కాదు, ప్రధాన పాత్రలు కాదు, అవి నా వయసులో ఎవరిస్తారు. ఆ పాట పాడింది డిర్చే అని ఒక్కరు, ఒక్కసారి, పైకి అనాలి. నాకు అంత కోపం ఎప్పుడూ లేదు. నా మీద నాకే చిరాకు, అందరి మీదా చిరాకు.

రెండో ఆటలో నీవెస్ తనే పాడుకుంది. తప్పు లేదు. జనం చప్పట్లు కొట్టారు. కానీ అటక గర్జించలేదు. చీకట్లో నా పక్కన నిలబడి ఆ పిల్ల ఆ తేడా విన్నది. మూడో ఆటలోనూ అంతే. నాలుగోది ఆఖరిది, జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగ నాడు మధ్యాహ్నం మూడింటికి. దానికి రెండు రోజుల ముందు నీవెస్ మా ఇంటి తలుపు తట్టింది. చేతిలో పండుగ రొట్టె డబ్బా, కళ్ళ కింద నల్లటి చారలు.

మిలాన్ పెద్ద థియేటర్ నుంచి మనిషి వస్తున్నాడట. ఆల్బెరీగీయే వెంటబెట్టుకుని తీసుకొస్తున్నాడట. ఆ ఒక్క పాట వినడానికే. నచ్చితే వచ్చే ఏడు అక్కడ వేషం ఖాయం. ఇదంతా కుర్చీ అంచు మీద కూచుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మీరు ఇంకొక్కసారి పాడండి డిర్చేగారూ" అంది.

"నీకు గొంతు బాగానే ఉందిగా."

"ఉంది. మీలా లేదు. వాళ్ళు పేపర్లో చదివిన గొంతు కోసం వస్తున్నారు. అది నా దగ్గర లేదు."

నేను రొట్టె డబ్బా తాడు విప్పుతూ, సరే, పాడతాను, పాడాక మిలాన్ మనిషికి నా పేరు చెబుతావా అని అడిగాను. అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల, అది దాని దురదృష్టం.

"చెప్తే నన్నెందుకు పిలుస్తారు?" అంది.

ఆమె వెళ్ళాక కూచుని ఆల్బెరీగీకి ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. ఫలానా తేదీన ఫలానా పాట పాడింది నేను, సాక్షి అమోస్. కోటు జేబులో పెట్టుకున్నాను. ఆఖరి ఆట అయ్యాక ముందు వసారాలో ఆయన చేతిలో పెట్టాలని నిశ్చయించుకున్నాను. పాడతానని మాత్రం నీవెస్‌కి కబురు పంపాను. ఎందుకు పంపానని అడక్కండి. నాకు ఆ పాట మళ్ళీ కావాలి, ఆ అటక మళ్ళీ కావాలి, పేరు కూడా కావాలి. ఇంత ఆకలి ఉందని నాకే తెలియదు.

పండుగ నాడు థియేటర్ కిక్కిరిసిపోయింది. కుడివైపు బాక్సు సీట్లలో ఆల్బెరీగీ, పక్కన బట్టతల మనిషి, ఆయనే మిలాన్ మనిషి. మూడో అంకంలో అట్టగోడ వెనకకి వెళ్ళి నిలబడ్డాను. నీవెస్ వచ్చింది. పాటకి ముందు శుభం కోరే ఆచారం ప్రకారం "తోడేలు నోట్లో పడు" అన్నాను. "అది చావనీ" అని బదులు చెప్పాలి. చెప్పలేదు. నా వైపు చూడటం లేదు. గోడకి ఆనుకుని, పెదవులు కదుపుతూ, శబ్దం లేకుండా ఆ పాటే లోపల పాడుకుంటోంది. ఎన్నేళ్ళు నేను అదే చోట అదే పని చేశానో. నా గొంతంటే ఆ పిల్లకి భయం. పేపర్లవాళ్ళు నా గొంతు దానికి అంటగట్టారు, ఇప్పుడు దాన్ని మొయ్యలేక ఒంగిపోతోంది. ఈ రోజు నేను పాడితే ఇక జన్మలో ఆ పిల్ల తన గొంతుతో పాడదు.

దయ అనుకోకండి. సగం దయ, సగం కచ్చ. నా పాట మళ్ళీ తీసుకెళ్ళి ఇంకొకరి పేరు కింద వెయ్యడానికి నేనెందుకివ్వాలి? రెండూ కలిసి నా నోరు మూశాయి.

టార్చిలైటు లేచింది. అమోస్ నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపి, నీవెస్ వెనక్కి వెళ్ళి, దాని పక్కటెముకల మీద అరచెయ్యి గట్టిగా పెట్టాను. 

"ఇక్కడి దాకా పీల్చు" అని చెవిలో చెప్పాను. "మిగతాది మర్చిపో. నా పాటనీ మర్చిపో."

భయంతో నా వైపు తిరగబోయింది. తిరగనివ్వలేదు. తాళం పడింది. పాడింది. మొదటి వరుస వణికింది. రెండో వరుసకి నా అరచేతి కింద ఎముకలు తెరుచుకున్నాయి. పై స్వరం దగ్గర నేను పాడినట్టు కాదు, ఆ ఏడుగురిలా కాదు, దానికి తోచినట్టు కాస్త తొందరగా ఎక్కేసింది. తప్పే. బాగుంది. నా రెండు వరుసలూ నేను పాడాను. జనం చప్పట్లు కొట్టారు, గట్టిగానే, మర్యాదగా. అటక గర్జించలేదు.

నీవెస్ గోడకి జారగిలబడి కూచుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా నా చెయ్యి వదల్లేదు. మఠం దుస్తులు విప్పి పడేసి, కోటు వేసుకుని, జేబులో ఉత్తరం తడుముకుంటూ వసారాలోకి వెళ్ళాను. ఈ రోజు పాడకపోతేనేం, ఆ రోజు పాడింది నిజమేగా.

ఆల్బెరీగీ స్తంభం పక్కన మిలాన్ మనిషి భుజం మీద చెయ్యి వేసి చెబుతున్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

"చెప్పానా? అదే గొంతు. మొదటి రోజు కంటే ఈ రోజు ఇంకా నిండుగా ఉంది. ఇలాంటి గొంతు ఒక్కసారి వింటే నేను ఇక పొరబడను."

మిలాన్ మనిషి తల ఊపాడు. వసంతంలో పిలిపిస్తామన్నాడు. 

నేను అక్కడే నిలబడిపోయాను. ఎవరి మెప్పు కోసం పది రోజులు పులుసు మాడ్చుకున్నానో, ఆ మనిషికి నాకూ ఆ పిల్లకీ తేడా తెలియదు. రేపు కొలిమి తిత్తిని అట్టగోడ వెనక పెట్టినా అదే గొంతంటాడు. వీడికి ఉత్తరం ఇచ్చి ఏం సాధిస్తాను? చదివి, తన పరువు పోతుందని చించేస్తాడు, లేదా నమ్మి, ఇంకో పొగడ్త ముక్క రాస్తాడు. ఆ ముక్కకి విలువేమిటి? జేబులో ఉత్తరాన్ని పిడికిట్లో నలిపేశాను. కోపం కూడా పోయింది. కోపం పోయాక ఏమీ మిగలకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

కోరస్ గుమ్మంలోంచి బయటికొచ్చాను. చీకటి పడుతోంది, పొగమంచు దిగింది. ఈసారి అక్కడ ఎవరూ లేరు. ముందు వైపు నుంచి నీవెస్ కోసం కేకలు వినపడుతున్నాయి. బొగ్గుల కొట్టు దగ్గర ఒక్కడు సిగరెట్ కాలుస్తున్నాడు. ఎర్మెస్. టోపీ నెత్తి మీదే ఉంది.

"ఈ రోజు పాడింది ఆ పిల్ల" అన్నాడు.

నీకెలా తెలుసని అడిగాను.

"నాకా? అటక మొత్తానికి తెలుసు. బాగానే పాడింది. టోపీ తీసేంత కాదు."

"మొదటి రోజు తీశారుగా ఆ పిల్లకి."

ఎర్మెస్ సిగరెట్ కింద పడేసి తొక్కాడు. నా మొహంలోకి చూశాడు, నేను వేళాకోళం ఆడుతున్నానేమో అని. 

"ఆ పిల్లకా? కాంతరెల్లి ఆ రోజు మేయరుగారి కారెక్కి ముందు నుంచి ఎప్పుడో వెళ్ళిపోయింది వదినా. మేం ముప్ఫై ఒక్కమందిమి అరగంట సేపు ఈ కోరస్ గుమ్మం దగ్గర గడ్డకట్టుకుపోయి నిలబడ్డాం. కోరస్ గుమ్మం దగ్గర. ఎవరి కోసం అనుకున్నావు?"

నేను వెనక్కి తిరిగి ఆ గుమ్మం వైపు చూశాను.

"ఇరవై ఏడేళ్ళుగా వింటున్నాం. పై స్వరానికి ముందు నువ్వు బావిలోంచి చేద లాగేదానిలా ఊపిరి పీలుస్తావు. పైనున్న ప్రతివాడికీ తెలుసు. నాలుగో మాటకే వడ్రంగి నా మోకాలు నొక్కాడు. ఆట అయ్యాక ఒక్కడు కూడా మాట్లాడలేదు, అందరం ఇటే నడిచాం. నువ్వేమో తల వంచుకుని, మమ్మల్ని చూడకుండా దూసుకుపోయావు. పెద్ద గాయని అయిపోయింది, గర్వం వచ్చింది అనుకున్నాం. ఉంటే ఉండనీ, ఆ ఒక్క రోజుకి అనుకున్నాం."

మర్నాడు చెప్పొచ్చుగా అన్నాను.

"టోపీ తీశాక దాని గురించి మాట్లాడతామా? అన్నయ్య నీకు చెప్పలేదా?"

చెప్పాడు. వందసార్లు చెప్పాడు. నా బతుకులో నాకు జరిగిన ఒకే ఒక్క సన్మానం మధ్యలోంచి తల దించుకుని, చలిని తిట్టుకుంటూ నడిచి వెళ్ళిపోయాను. పైగా ఎవరూ గుర్తించలేదని పది రోజులు ఊరంతటినీ తిట్టుకున్నాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఎర్మెస్ ఇబ్బందిగా గోడ వైపు చూశాడు.

ఒక్కసారి ఇప్పుడు టోపీ తియ్యి, చూసుకుంటాను అన్నాను.

"పాడు, తీస్తాను."

"ఈ మంచులోనా? గొంతు పోతుంది వెధవా."

"అయితే వచ్చే ఏడు దాకా ఆగుతాం" అన్నాడు, టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంటూ.

ఇద్దరం ఇంటి వైపు నడిచాం. వంతెన దాటాక ఉండబట్టలేక, ఆ రోజు ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పమన్నాను. దాని గురించి మాట్లాడకూడదని సణిగాడు. నేను అక్కడ లేనట్టే లెక్క, లేని మనిషికి చెప్పొచ్చు అన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు. గుమ్మానికి కుడి పక్కన వడ్రంగి ఓద్దో, వాడి వెనక కసాయి అన్నదమ్ములు, మెట్టు మీద ముసలి ప్రిమో, కర్ర ఒక చేత్తో, టోపీ ఒక చేత్తో. బొగ్గుల కొట్టు వైపు రైల్వేవాళ్ళు, బిళ్ళలున్న టోపీలతో. తను ఎడమ పక్కన, గుయెర్రీనో ఎప్పుడూ నా కోసం ఎదురుచూసే చోట.

"మళ్ళీ చెప్పు" అన్నాను. "మెట్టు మీద ఎవరు?"

మా ఇంటి తలుపు వచ్చేలోగా మూడుసార్లు చెప్పించుకున్నాను.